సూదుల బల్ల మీద

మొన్న కార్తికమాసంలో ఒక సాయంత్రం పాత శిష్యుడొకడు ఫోను చేశాడు. ముప్పయ్యారేళ్ళవాడు, హైదరాబాదులో ఉద్యోగం. పెళ్ళై ఎనిమిదేళ్ళయినా సంతానం లేదట. విజయవాడలో ఒక ఆస్పత్రిలో టెస్ట్‌ట్యూబ్ పద్ధతికి సిద్ధమవుతున్నారు. దానితోబాటు ఆక్యుపంక్చరు కూడా చేయిస్తే తప్పక ఫలిస్తుందని అత్తవారి తరపువారెవరో చెప్పారట.

"మాస్టారూ, అప్పట్లో మీరూ అమ్మగారూ ఆదివారం ఆదివారం బెజవాడ వెళ్ళేవారు గదా, ఆ సూదుల వైద్యానికేనని మా అమ్మ చెప్పింది. పని చేస్తుందంటారా?" అని అడిగాడు.

ముప్పయ్యేళ్ళకు పైగా గుట్టుగా దాచుకున్నామనుకున్నది ఉయ్యూరంతటికీ తెలుసునన్నమాట! రేపు చెబుతానని ఫోను పెట్టేశాను. రాత్రంతా ఆలోచించి, మర్నాడు వానికి చెప్పిన దానినే ఇక్కడ వ్రాస్తున్నాను. వానికి చెప్పనిది కూడా కొంత ఉన్నది.

మా వివాహం 1984లో జరిగింది. నేనప్పుడు ఉయ్యూరు దగ్గర జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. మూడేళ్ళు గడిచేసరికి మా అమ్మ మొక్కులు మొదలుపెట్టింది. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరునికి మొక్కులు, నాగులచవితికి పుట్టలో పాలు, రావిచెట్టుకు ప్రదక్షిణలు. రావిచెట్టుకు ప్రదక్షిణ చేసి కడుపు పట్టి చూసుకున్నట్లని సామెత; తరగతిలో దానిని చెప్పి పిల్లలను నవ్వించేవాణ్ణి. ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ తడిబట్టలతో ఆ చెట్టు చుట్టూ తిరిగి వచ్చి ఉండేది. ఈ రెండింటికీ సంబంధమున్నదని నాకప్పుడు తోచలేదు.

1989లో సూర్యారావుపేటలో ఒక లేడీ డాక్టరుగారికి చూపించాము. మా ఆవిడకు చేయవలసిన పరీక్షలన్నీ చేయించి, ఏ లోపమూ కనబడలేదన్నారు. నాకు వేరే ఒక చీటీ వ్రాసి ఇచ్చారు. ఆ చీటీ తీసుకొని వెళ్ళవలసిన లేబరేటరీ అదే వీధిలో, నాలుగడుగుల దూరంలో ఉన్నది. మా ఆవిడను బస్టాండులో కూర్చోబెట్టి, వెళ్ళివస్తానని చెప్పి, ఏలూరు రోడ్డు మీద పుస్తకాల కొట్లో గంటసేపు కాలక్షేపం చేసి వచ్చాను. "చూపించుకున్నాను, బాగానే ఉందన్నారు" అన్నాను. ఆ చీటీని మడిచి శబ్దరత్నాకరంలో పెట్టాను.

ఎందుకు అబద్ధమాడానంటే, భయపడి. ఇంతకంటే గొప్ప కారణమేదీ లేదు.

తరువాత రెండేళ్ళు ఆవిడ మాత్రలు మింగింది. అమావాస్యనాడు వేపాకు ముద్ద మింగింది. శ్రీమంతాలకు పిలుపులు తగ్గాయి. ఒకసారి పక్కింటి బారసాలలో ఎవరో పెద్దావిడ బిడ్డను ఈవిడ చేతికియ్యకుండా అటు తిప్పుకున్నదట. ఆ సంగతి నాకు పదేళ్ళ తరువాత చెప్పింది.

1991లో మా తోడి ఉపాధ్యాయులొకరు బెజవాడలో చైనా సూదుల వైద్యం చేసేవారున్నారని చెప్పారు. ఆయన మోకాళ్ళ నొప్పికి చేయించుకున్నారు. వారానికి రెండుసార్లు రమ్మన్నారు గాని, నా బడివల్ల ఆదివారం ఉదయం ఒక్కటే కుదిరింది. ఉయ్యూరులో మొదటి బస్సెక్కి, కంకిపాడు, పోరంకి, కానూరు మీదుగా బందరు రోడ్డున వెళ్ళేవాళ్ళం. గానుగ రోజులలో చెరకు బండ్లు ఫ్యాక్టరీ దాకా బారులు తీరి ఉండేవి. ఆ బెల్లపు వాసన ఊరు దాటినా వదిలేది కాదు.

ఆ వైద్యుని గదిలో గోడమీద కోట్నీస్ చిత్రం ఉండేది. 1938లో మన దేశం నుంచి చైనా వెళ్ళిన ఐదుగురు వైద్యులలో ఒకడు. 1942 డిసెంబరు 9న అక్కడే మరణించినవాడు. శాంతారాం 1946లో తీసిన చలనచిత్రం వల్ల ఇంటింటికీ తెలిసినవాడు. నిజానికి కోట్నీస్ శస్త్రవైద్యుడు, సూదుల వైద్యుడు కాడు. ఆ బృందంలోనే వెళ్ళిన విజయకుమార్ బసు 1958లో మళ్ళీ చైనా వెళ్ళి ఈ విద్య నేర్చుకొని, 1959లో కలకత్తాలో ప్రారంభించాడు. మన దేశానికి ఈ సూది వచ్చిన దారి అది. ఈ సంగతులన్నీ ఆ వైద్యుడే, మా ఆవిడ పాదాలకు స్పిరిటు దూదితో తుడుస్తూ చెప్పేవాడు.

మన జనానికి సూదిమందు తెలుసు. ఈ సూదిలో మందు లేదు. వెంట్రుకకంటె కొంచెం లావుగా ఉండే బోడి సూది. లోపలి చీలమండకు నాలుగు వేళ్ళ పైన ఒకటి, మోకాటి కింద ఒకటి, చేతి బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ ఒకటి, బొడ్డు కింద రెండు మూడు. శరీరంలో ప్రాణశక్తి ప్రవహించే మార్గాలు పద్నాలుగు ప్రధానమైనవి ఉన్నాయనీ, వాటిమీద మూడువందల అరవయ్యొక్క స్థానాలున్నాయనీ వారి శాస్త్రం. గుచ్చినచోట నొప్పి ఉండదు గాని, బరువుగా, తిమ్మిరిగా ఏదో పాకినట్లుంటుందట. అది వస్తేనే సూది సరిగ్గా పడినట్లు. అరగంట అలాగే ఉంచేవారు. కొన్ని రోజులు ఒక ఆకుచుట్ట వెలిగించి బొడ్డు దగ్గర సెగ చూపేవారు. ఆ ఆకు మన మాచిపత్రి జాతిదే. వినాయకచవితినాడు ఇరవయ్యొక్క పత్రాలలో మొట్టమొదట పూజించే ఆకు చైనావారి గర్భచికిత్సలో కనబడేసరికి మా అమ్మ ఈ వైద్యాన్ని వెంటనే నమ్మేసింది!

తొమ్మిది ఆదివారాలు గడిచాయి. పదవనాడు ఆ వైద్యుడు కేసుషీటు తిరగేస్తూ, "వారి రిపోర్టు ఏదమ్మా? ఇందులో లేదు" అన్నాడు. "ఆయనకంతా బాగానే ఉందండీ, అప్పుడే చూపించుకున్నారు" అని పడుకునే చెప్పింది మా ఆవిడ. ఒంటిమీద పదకొండు సూదులున్నాయి. కదలకూడదు. తల మాత్రం నా వైపు తిప్పి, "ఇంట్లో ఉంది కదండీ?" అన్నది.

ఆ చూపులో అనుమానం లేదు. అనుమానముంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

"పై ఆదివారం తెచ్చి చూపించండి మాస్టారూ. అది చూడకుండా ఈమెను ఇలా గుచ్చుతూ పోవడం న్యాయం కాదు" అన్నాడాయన. మర్నాడు బడికి సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా బెజవాడ వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. ఆనాటి లెక్క ప్రకారం మిల్లీలీటరుకు రెండు కోట్ల బీజకణాలుంటే సాధారణం. నావి నలభై లక్షలు.

ఆ రాత్రి ఆవిడకు రెండు కాగితాలూ ఇచ్చాను, పాతచీటీ, కొత్త రిపోర్టు. రెండింటి మీదా తేదీలున్నాయి. ఆవిడ ఎస్సెల్సీ దాకా చదువుకున్నది. తేదీలు చదవడానికి అది చాలు. ఏమీ అనలేదు. ఐదు రోజులు నాతో అవసరానికి మించి మాటలాడలేదు. శనివారం రాత్రి అన్నం వడ్డిస్తూ, "రేపు బస్సుకు పోదాం. మీరు పడుకోండి, నేను బయట కూర్చుంటాను" అన్నది.

బల్ల మీద పడుకొని కప్పు చూస్తూ, ఆ అరగంటలు ఎంత పొడవైనవో తెలుసుకున్నాను. సూది నొప్పి కాదు. కదలడానికి వీలులేనప్పుడు మనిషికి తన ఆలోచనలే గుచ్చుకుంటాయి. నేను తెలుగు పండితుణ్ణి. వంధ్య, గొడ్రాలు, గొడ్డుమోతు అని స్త్రీకి మాటలు వరుసగా నోటికి వచ్చాయి. పురుషుని కోసం లోకవ్యవహారంలో ఒక్క మాట వెదికితే దొరకలేదు. అసంభవానికి ఉదాహరణగా కుందేటికొమ్ము, ఆకాశపుష్పం, వంధ్యాపుత్రుడు అని మూడూ కలిపి తరగతిలో చెప్పేవాణ్ణి. ఆ తరువాత 2018లో పదవీవిరమణ చేసేదాకా మూడవది చెప్పలేదు.

మరొకటి కూడా తోచింది. దశరథునికి ముగ్గురు రాణులు. ముగ్గురికీ సంతానం లేదు. లోపమెక్కడుందో ఊహించడానికి వైద్యశాస్త్రం అక్కరలేదు. అయినా పాయసం త్రాగింది రాణులే. భారతంలో పాండురాజు తన అశక్తతను భార్యల ఎదుట దాచలేదు. అడవిలో కుంతితో చెప్పుకున్నాడు. మన కవులు చెప్పగలిగినదానిని ఆ కావ్యాలు పాఠం చెప్పి జీతం తీసుకున్న నేను చెప్పలేకపోయాను.

ఎనిమిది నెలలు చేయించుకున్నాను. రెండవ పరీక్షలో అంకె పెద్దగా మారలేదు. 1992 చివర మానేశాము. అదే సంవత్సరం బ్రస్సెల్స్ నగరంలో, ఒకే ఒక్క బీజకణాన్ని సన్నని గాజుసూదితో అండంలోకి ప్రవేశపెట్టి సంతానం కలిగించిన వార్తను వైద్యపత్రికలు ప్రకటించాయి. నావంటివారికి పనికివచ్చే సూది అది. దాని సంగతి మేము వినేసరికి, వయసూ డబ్బూ రెండూ మా చేతిలో లేవు. పెంపకం మాట కూడా వచ్చింది. మా అమ్మ ఒప్పుకోలేదు, నేను గట్టిగా నిలబడలేదు. అది ఈ టపాలో పట్టదు.

గుంటూరులో 2019 సెప్టెంబరు 5న డెబ్బయ్యేళ్ళు దాటిన గోదావరి జిల్లా ఇల్లాలు ఒకావిడ కవలలను ప్రసవించిన వార్త మీకందరికీ గుర్తుండే ఉంటుంది. లోకమంతా ఆవిడ వయసును గురించే మాట్లాడింది. 2021లో వచ్చిన చట్టం ఈ పద్ధతులకు స్త్రీకి యాభై, పురుషునికి యాభయ్యైదు ఏళ్ళను హద్దుగా పెట్టింది. ఆ వార్త వచ్చిన ఉదయం మా ఆవిడ పేపరు మడిచి, "అన్నేళ్ళు ఎన్ని మాటలు పడి ఉంటుందో!" అని మాత్రం అన్నది.

ఇక శిష్యునికి చెప్పినది. ఈ వైద్యాన్ని నేను తిట్టను. కేంద్ర ఆరోగ్యశాఖ 2003లో దీనిని ఒక చికిత్సావిధానంగా ఒప్పుకొని, 2019లో స్వతంత్ర వైద్యపద్ధతిగా గుర్తించింది. కాని గుర్తింపు వేరు, బిడ్డ పుట్టడం వేరు. 2002లో జర్మనీలో 160 మంది మీద చేసిన పరిశీలనలో సూదులు పెట్టినవారిలో 42.5 శాతానికీ, పెట్టనివారిలో 26.3 శాతానికీ గర్భం నిలిచిందని వచ్చేసరికి ప్రపంచమంతా ఆశపడ్డది. తరువాత 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో 848 మంది మీద మరింత జాగ్రత్తగా, కొందరికి నిజమైన సూదులూ, కొందరికి గుచ్చుకోని ఉత్తుత్తి సూదులూ పెట్టి చూశారు. బిడ్డ పుట్టినది మొదటివారిలో 18.3 శాతం, రెండవవారిలో 17.8 శాతం. అంటే తేడా లేనట్లే. అండాశయపు నీటిబుడగల సమస్య ఉన్న వెయ్యిమందితో చైనాలోనే 2017లో చేసిన పరిశీలనలోనూ సూదులవల్ల ప్రసవాలు పెరగలేదు.

"మరి మీకేమీ ప్రయోజనం కలగలేదా మాస్టారూ?" అన్నాడు. కలిగింది. మా ఆవిడకు ఆ నెలలలో నిద్ర పట్టేది, నెలసరి నొప్పి తగ్గిందనేది. అది సూదివల్లనో, ఆ అరగంటసేపు ఎవరూ ఏమీ అడగకపోవడంవల్లనో చెప్పలేను. మనశ్శాంతికైతే, డాక్టరుగారితో చెప్పి, ఒకసారి వాడి పారేసే సూదులు వాడేచోట చేయించుకోండి. సంతానానికైతే దాని మీద ఆశ పెట్టుకోవద్దు అన్నాను.

తరువాత అడగవలసినది అడిగాను. "నీ పరీక్ష అయిందా?"

కొంచెంసేపు మాట లేదు. "బాగానే ఉందండీ" అన్నాడు.

ఆ స్వరం నాకు బాగా తెలుసు. "రిపోర్టు నీ చేతిలో ఉందా నాయనా?" అన్నాను. వాడు జవాబు చెప్పలేదు. వానికి చెప్పనిదీ, ఆ మౌనం విన్న తరువాత చెప్పక తప్పనిదీ ఆ శబ్దరత్నాకరం చీటీ కథే. చెప్పాను. వింటూ ఉండిపోయాడు.

ఇది బయట పెట్టడానికి మా ఆవిడ అనుమతి కావాలి గదా, చదివి వినిపించాను. అంతా విని, "పదకొండు కాదు, పన్నెండు సూదులు. నడినెత్తిన ఒకటి ఉండేది, మీరు కూర్చున్నచోటికి కనబడేది కాదు" అన్నది.