పైనుంచి కురిసేది కాదు

డిసెంబరులో ఉదయం ఏడు గంటలకు హైదరాబాదులో ఉప్పల్ నుంచి నాచారం దాకా వీధుల్లో తిరిగితే, దాదాపు ప్రతి వీధిలోనూ ఏదో ఒక మిద్దె మీద కుండీలకు ముసుగులు కనిపిస్తాయి. కొందరు పాత నేత చీర కప్పారు, కొందరు దుప్పటి ముక్క. మరికొందరు గోనెసంచి విప్పి పరిచారు. చాలామంది మాత్రం పారదర్శకమైన ప్లాస్టిక్ షీటుతో మొక్కను మూట కట్టేశారు. ఎందుకని అడిగితే అందరి జవాబూ ఒకటే. రోడ్డు పక్క నర్సరీలో కుండీలు సర్దుతున్నాయన కూడా అదే అన్నాడు: "మంచు పడ్తే మాడిపోతది సార్." ఈ జాగ్రత్తను నేను తేలిగ్గా తీసుకోను. కాని 'మంచు' అనే మాట దగ్గరే చిక్కు ఉంది. పొద్దున ఆకు మీద నిలిచే నీటిబొట్టుకూ, రోడ్డు మీద కమ్ముకునే తెల్లటి పొగకూ, లంబసింగి వైపు చలి ముదిరిన రాత్రుల్లో గడ్డి మీద పేరుకునే తెల్లటి పొరకూ మనం మామూలుగా వాడేది ఒకే మాట. మొక్కకు వీటిలో చివరిదే ప్రాణాంతకం. ఆకు కణాల మధ్య నీరు గడ్డకట్టి కణాలను చంపుతుంది. మొదటిది అలా చేయలేదు.

ఇంకో పొరపాటు 'మంచు కురుస్తోంది' అనడంలో ఉంది. అది కురవదు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేలా, ఆకులూ తమ వేడిని పైకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడతాయి. ఆ చల్లటి ఆకును తాకిన గాలిలోని తేమే బొట్టుగా మారుతుంది. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, నాచారంలో ఏ సందు చూసినా చాలు. ఆరుబయట నిలిపిన స్కూటరు సీటు తడిసి ఉంటుంది, పక్కనే వేపచెట్టు కింద ఉన్నదాని సీటు పొడిగా ఉంటుంది. రెండింటి చుట్టూ ఉన్నది ఒకే గాలి. తేడా అల్లా తలపైన ఆకాశం కనిపించడం, కనిపించకపోవడం. లండన్‌లో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు 1814లో మంచు గురించి రాసిన పుస్తకంలో ఈ సంగతి నిలబెట్టాడు. గడ్డి మీద నాలుగు పుల్లలు పాతి, ఆరు అంగుళాల ఎత్తున ఒక సన్నటి చేతిరుమాలు కట్టాడు. దాని కింది గడ్డి బయటి గడ్డి కంటే వెచ్చగా ఉంది. అంతకు ముందు తోటమాలులు పల్చటి చాపలు కప్పడం చూసి నవ్వుకున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. బట్ట పైనుంచి వచ్చేదాన్ని ఆపదు, కిందినుంచి పోయేదాన్ని నిలుపుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే కప్పే తీరే మారిపోతుంది. అంచులు కుండీని దాటి నేల దాకా దిగాలి, బట్ట ఆకుకు తగలకుండా పుల్లలు నిలబెట్టాలి, పొద్దు గూకేలోగా కప్పాలి, ఎండ తగలగానే తీసేయాలి. నేను చూసిన ముసుగుల్లో చాలా వాటికి కింది అంచు గాలిలో వేలాడుతోంది.

మరి హైదరాబాదులో నీరు గడ్డకట్టేంత చలి ఉందా? బేగంపేట కేంద్రం రికార్డుల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8న నమోదైన 6.1 డిగ్రీలు. ఇళ్లు కిక్కిరిసిన ఉప్పల్‌లో గోడలూ స్లాబులూ పగటి వేడిని రాత్రి వదులుతాయి, కాబట్టి పటాన్‌చెరు అంత చలి ఇక్కడ తగలదు. అయినా ధనుర్మాసంలో తులసి ఎందుకు నల్లబడుతుందని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. తులసి వేడిని కోరే మొక్క. చలికి దాని పెరుగుదల మందగిస్తుంది, ఆ సమయానికే వెన్నులు వేసి గింజ కట్టి ఉంటుంది. గింజ కట్టిన తులసి ఎలాగూ నీరసిస్తుంది. అక్కడ దుప్పటి కంటే వెన్నులు తుంచడం, నీళ్లు తగ్గించడం ఎక్కువ మేలు చేస్తాయి. కుండీని రాత్రికి సజ్జా కిందికి జరిపితే ముసుగు అవసరమే ఉండదు.

ప్లాస్టిక్ మూట మాత్రం నన్ను నిజంగా బాధపెట్టింది. ఒకచోట షీటు లోపలి వైపు నీటిబొట్లు వరసలు కట్టాయి. గులాబీ చిగురు దానికి అంటుకుని, అంటుకున్న మేరకు గోధుమరంగు తిరిగింది. ప్లాస్టిక్ గాలి ఆపుతుంది గనుక ఎక్కువ వెచ్చన అనుకుంటారు. కాని మామూలు పాలిథిన్ లోంచి నేల వేడి చాలావరకు దాటిపోతుంది, లోపలి తేమ మాత్రం పోదు. గంటల తరబడి తడిసిన ఆకు బూజు తెగుళ్లకు పిలుపు. ఎండెక్కాక ఆ మూట లోపల ఆకు ఉడుకుతుంది. పాత నూలు చీరే మేలు, కాకపోతే తడిసి బరువెక్కితే లేత కొమ్మ విరుస్తుంది. అందుకే సంచులు కుట్టే నాన్‌వోవెన్ బట్ట వాడేవాళ్లూ ఉన్నారు. చేతిలోకి తీసుకుంటే దాని మీద వరసగా నొక్కిన సన్నటి చుక్కలు కనిపిస్తాయి, దారాలు అక్కడే కరిగి అతుక్కున్నాయి. తేలిక, గాలి ఆడుతుంది. కాని సంచుల బట్టకు సాధారణంగా ఎండను తట్టుకునే మందు కలపరు. కొన్నాళ్లకే పొడిపొడిగా రాలి కుండీ మట్టిలో కలుస్తుంది. పొలాలకు అమ్మే క్రాప్ కవర్ వేరు, అది తరచూ చదరపు మీటరుకు 17 గ్రాముల దగ్గర ఉంటుంది.

రైతులు పుచ్చకూ బొప్పాయికీ అదే కప్పుతున్నారు కదా, చలి కోసం కాదా అంటారు. కొంతవరకు అవును, మొలక దగ్గర వెచ్చదనం కోసం. వాళ్లకు ముఖ్యమైనది పేనుబంక, తెల్లదోమ లోపలికి రాకుండా, వాటితో వైరస్ అంటకుండా చూసుకోవడం. పుచ్చలో పూత రాగానే తేనెటీగల కోసం కవర్ తీసేస్తారు. అనంతపురం దానిమ్మ తోటల్లో పాత చీరలు కప్పడం ఎండ దెబ్బకు. బట్ట ఒకటే, శత్రువు వేరు. మన ఊళ్లో మొక్కకు అసలు శత్రువు ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆ నర్సరీ ముందే ఆగాను. గ్రీన్ నెట్ కింద ఉన్న బంతి నారు ఆకులు పొడిగా ఉన్నాయి. అమ్మకానికని ఫుట్‌పాత్ మీద, నెట్ దాటి పెట్టిన వరస ఇంకా తడిగా మెరుస్తోంది.