అన్నీ కలిపే, స్టాంపింగ్ తప్ప

మే నెలలో అమ్మా నాన్నా వస్తున్నారు. నా గ్రాడ్యుయేషన్‌కి వచ్చినప్పుడే నయాగరా, న్యూయార్కు అయిపోయాయి కాబట్టి ఈసారి కరీబియన్ క్రూజ్‌కి తీసుకెళ్దామనుకున్నాను. నాన్న ముప్పై ఏళ్ల పైన వైజాగ్ పోర్టులో గుమాస్తా. ఎన్ని వేల ఓడల లెక్కలు రాశారో గానీ, ఒక్కదాంట్లోనూ ప్రయాణం చెయ్యలేదు.

రెండు వారాలుగా రాత్రి పదకొండు దాటాక నా పని ఇదే. ఎక్సెల్ షీటు తెరిచాను (మనం ఇంకేం తెరుస్తాం!). అన్నీ కలిపే అని ఊరిస్తారు గానీ, కలిపేది గదీ, తిండీ, రాత్రి షోలూ. టిప్పులకి మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా వేసుకోవాలి. వైఫై, కూల్‌డ్రింకులు, దీవిలో దిగాక టూర్లు... అన్నీ విడిగానే. జూన్ నుంచి నవంబరు దాకా తుఫాన్ల సీజను, కాబట్టి మేలోనే ముగించాలి.

తీరా బుకింగ్‌కి పాస్‌పోర్టు తీస్తే అసలు సంగతి గుర్తొచ్చింది. అందులో ఉన్నది చదువుకి వచ్చినప్పటి ఎఫ్1 స్టాంపు, ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. హెచ్1బికి ఇక్కడే మారాను, చేతిలో ఐ-797 కాగితం తప్ప స్టాంపు లేదు. బహామాస్‌లో పూట ఉండి వచ్చినా దేశం దాటి వచ్చినట్టే.

ఇందులో తమాషా చూడండి. ముగిసిన వీసాతో 30 రోజుల్లోపు తిరిగొచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అని ఒకటుంది. హెచ్1 వాళ్లకి అది కెనడా, మెక్సికోలకే. ఎఫ్1 వాళ్లకైతే క్యూబా తప్ప చుట్టుపక్కల దీవులకి కూడా వర్తిస్తుంది. అంటే నేను డైనింగ్ హాల్లో ప్లేట్లు కడిగిన రోజుల్లో ఆ దీవులన్నీ నాకు తెరిచే ఉన్నాయన్నమాట :)

గాల్వెస్టన్ నుంచి మెక్సికోలోని కోజుమెల్ ఒక్కటే చూసొచ్చే ఓడలున్నాయని ఒకరోజు ఆశపడ్డాను. కానీ వాతావరణం తేడా వస్తే రేవు మార్చే హక్కు ఓడవాళ్లదే, టికెట్టు షరతుల్లోనే ఉంటుంది. జమైకాకి మళ్లిస్తే? ఇంతకంటే చిన్న ఎడ్జ్ కేసుకి రిలీజులు ఆపినవాణ్ణి, ఇక్కడ ఉద్యోగాన్నే పణంగా పెట్టనా? పోనీ ముందే ఇండియా వెళ్లి స్టాంపింగ్ చేయించుకుందామంటే, 2025 సెప్టెంబరు నుంచి హెచ్1బికి డ్రాప్‌బాక్సు లేదు. ఇంటర్వ్యూ తేదీ వెనక్కి జరిగితే అక్కడే ఇరుక్కుపోవడం.

సిగ్గుపడుతూనే నాన్నకి ఫోన్లో చెప్పాను. జాలిపడతారనుకుంటే, "ఆ ఓడల మీద జెండా ఏ దేశందిరా?" అన్నారు. ఎక్కువ బహామాస్, పనామా.

"అదీ సంగతి! పైదేశం ఓడని ఇక్కడి రేవు నుంచి ఇక్కడి రేవుకే జనాన్ని మొయ్యనివ్వరు. అందుకే మధ్యలో పైదేశం రేవొకటి తగిలిస్తారు. అమెరికా జెండా ఉన్నది వెతుకు."

నిజమే, 1886 నాటి చట్టం. వెతికితే పెద్ద క్రూజ్ ఓడల్లో అలాంటిది ఒక్కటే ఉంది, ప్రైడ్ ఆఫ్ అమెరికా. హోనలూలూలో ఎక్కితే ఏడు రాత్రులు హవాయి దీవుల మధ్యే తిప్పి మళ్లీ అక్కడే దింపుతుంది. దేశం దాటదు. కాసినో కూడా లేదట, అమ్మకి ఆ ముక్క బాగా నచ్చింది.

కరీబియన్ కంటే ఖర్చు బాగా ఎక్కువ, పైగా ముగ్గురికీ విమానం టికెట్లు. షీట్లో కొత్త ట్యాబ్ తెరిచి, నిన్న రాత్రి అడ్వాన్సు కట్టేశాను. నాన్న ఓడ టన్నేజీ అడిగారు, 80 వేల గ్రాస్ టన్నుల పైనే అని చెప్పాను. రేటు మాత్రం ఇంకా చెప్పలేదు.