రికార్డుకెక్కని చుక్క

డిగ్రీ కెమిస్ట్రీ ల్యాబులో ఆక్సాలిక్ ఆమ్లాన్ని పొటాషియం పర్మాంగనేట్‌తో టైట్రేట్ చేసేటప్పుడు ఒక వింత జరుగుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 60-70 డిగ్రీలకు వేడి చేసిన ఫ్లాస్కులో, బ్యూరెట్ నుంచి జారిన మొదటి చుక్క గులాబీ రంగు వదలకుండా మొండికేస్తుంది. ఎలాగో అది పోయాక, తర్వాతి చుక్కలు పడీ పడగానే మాయం. చర్యలో పుట్టిన మాంగనీస్ అయాన్లే ఆ చర్యకు ఉత్ప్రేరకమవుతాయి మరి! రికార్డు పుస్తకంలో దీనికి చోటు లేదు. అక్కడ కావలసింది సూత్రం, పట్టిక, రెండుసార్లు ఒకేలా వచ్చిన రీడింగు. ఆ రీడింగు పక్క బెంచీ నుంచి కూడా రాగలదని అందరికీ తెలుసు. జవాబు ముందే ఖాయమైన చోట కాపీ కొట్టడాన్ని పిల్లల నేరంగా మాత్రమే చూడలేం.

ముందు చేయి తిరగాలి కదా అంటారు అధ్యాపకులు. నిజమే, పిపెట్టు పట్టడం రానివాడికి ప్రశ్న పుట్టి ఏం లాభం? బ్యాచీల ఒత్తిడీ అబద్ధం కాదు. కానీ విద్యార్థిలో ప్రశ్న పుట్టించడానికి కొత్త పరికరాలేమీ అక్కర్లేదు. ఒక ఫ్లాస్కులో ముందే చిటికెడు మాంగనస్ సల్ఫేట్ వేసి చూడమంటే చాలు, మొదటి చుక్క మొండితనం ఎందుకో విద్యార్థే తేల్చుకుంటాడు. వృక్షశాస్త్ర ల్యాబులో ఉల్లి వేరు కొన స్లైడూ అంతే. సమవిభజన బొమ్మలు పుస్తకం చూసి దించే బదులు ఒక్కో దశలో ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టిస్తే, విభజన చెందుతున్నవాటిలో ప్రొఫేజ్ కణాలే ఎక్కువని తేలుతుంది. అంటే ఎక్కువ సమయం పట్టేది ఆ దశకే.