ఎదురుకాళ్ళ బిడ్డ

మా చెల్లెలు తొలిచూలుతో పురిటికి పుట్టింటికి వచ్చియుండెను. 36వ వారమున స్కానింగు చేయింపగా బిడ్డ తల పైకిని, పిరుదులు క్రిందికిని ఉన్నవని తేలినది. ఆ మాట వినగనే మా అమ్మ ముఖము వాడిపోయెను. మా అమ్మమ్మ తొలికాన్పున ఎదురుకాళ్ళతో వచ్చిన శిశువు దక్కలేదు. ఆ కథ మా యింట నెవ్వరును పైకి చెప్పరు.

పొరుగింటి పెద్దమ్మ, "నూనె రాచి కడుపు తోమించుడు, అదియే తిరుగును" అని మంత్రసానిని పిలిపింపబోయినది. మేము వలదంటిమి. ఆమె రెండు దినములు మాతో మాటాడలేదు.

డాక్టరమ్మ ఓపికతో చెప్పినది. నెలలు నిండునప్పటికి నూటికి ముగ్గురు నలుగురు బిడ్డలిట్లుందురట. పైనుండి చేతులతో త్రిప్పు పద్ధతి కలదు. తొలిచూలువారికి 36వ వారము నుండియు, ఇదివరకు కన్నవారికి 37వ వారము నుండియు చేయుదురు. తొలిచూలున కడుపు బిగువుగా నుండుటచే నూటికి సుమారు 40 మందికే ఫలించును, తక్కినవారికి 60. మాయ అడ్డముగా నున్నను, కవలలున్నను చేయరు. గర్భాశయము సడలుటకు ఇంజక్షనిచ్చి, బిడ్డ గుండెచప్పుడు ముందును వెనుకను పరీక్షింతురు. ఇన్నూరింట ఒకరికి వెంటనే ఆపరేషను కావలసి వచ్చును గనుక, ఆ వసతి గలచోటనే చేయవలెను. ఇంటిలో తోమునప్పుడు బిడ్డ గుండె తడబడినచో వినువారెవ్వరు? మా భయమదియే.

ఆ దినమున చెల్లెలు మా చేయి విడువలేదు. డాక్టరమ్మ ఒక చేత పిరుదులను పైకెత్తి, రెండవ చేత తలను నెట్టుచు, బిడ్డచే పిల్లిమొగ్గ వేయింపజూచినది. బిడ్డ అడ్డము వరకు వచ్చి మరల వెనుకకు జారెను. రెండవమారును అంతే. చెల్లెలు నొప్పి తాళలేననగా వెంటనే ఆపినది.

"అక్కా, నేనోర్చుకొనియున్నచో తిరిగెడిదేమో!"

"నీ ఓర్పుతో దీనికి పని లేదమ్మా" అని డాక్టరమ్మయే బదులు చెప్పినది. ఆ మాట మేము చెప్పియున్నచో చెల్లెలు నమ్మెడిది కాదు.

39వ వారమున ఆపరేషను జరిగినది. ఆడపిల్ల, తల్లియు బిడ్డయు క్షేమము. మా అమ్మ ఆనాడు అమ్మమ్మను తలచుకొని యేడ్చినది.

మూడవ నెలలో పొరుగింటి పెద్దమ్మ నడుము పట్టుకొని వచ్చెను. ఎదురుకాళ్ళవారు తన్నిన నడుమునొప్పి పోవునని మనవారి నమ్మకము గదా! ఆపరేషనుతో పుట్టినది లెక్కకు వచ్చునా రాదా యని ఆమెయు మా అమ్మయు వాదులాడుచుండగా, పిల్ల కాలు చాచి నిద్రపోవుచుండెను.