రెండు ట్రాక్టర్ ఇండ్ల కార్లు

కార్ల ముచ్చట ఎత్తితే మా జగదేవ్‌పూర్‌లో మాట ముందుగా ట్రాక్టర్ మీదికే పోతుంది. పోనివ్వండి, ఇవాళ నేను చెప్పబోయే రెండు కార్లూ ట్రాక్టర్లు చేసిన ఇండ్ల నుంచి వచ్చినవే. ఒకటి పెట్రోల్ మీద నడిచే లాంబోర్గినీ హురకాన్. ఇంకొకటి కరెంటు మీద నడిచే బత్తిస్తా. ఈ రెండోది తయారయ్యేది ఇటలీలోనే, పేరు కూడా ఇటలీదే, కానీ దాన్ని చేసే ఆటోమొబిలి పినిన్‌ఫరీనా కంపెనీ మన మహీంద్రా వాళ్లది.

ఫెరూచ్చో లాంబోర్గినీ రైతు బిడ్డ. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలేసిన బండ్ల సామాను తెచ్చి ట్రాక్టర్లు కట్టాడు. 1948లో కంపెనీ పెట్టి బాగా సంపాదించాడు. తను కొన్న ఫెరారీలో క్లచ్ ఊరికే పోతుంటే ఎంజో ఫెరారీకే ఆ మాట చెప్పాడనీ, ట్రాక్టర్లు చేసేవాడికి కార్ల సంగతి తెలియదని ఆయన తీసిపారేశాడనీ ఒక కథ చెప్పుకుంటారు. ఆ పట్టుదలతోనో, మరి వ్యాపారం తెలిసినవాడు కాబట్టో, 1963లో కార్ల కంపెనీ తెరిచాడు. అదే 1963లో మహీంద్రా వాళ్లు మన దేశంలో ట్రాక్టర్ల పనిలోకి దిగారు. తర్వాత యాభై ఏళ్లకు, ఎన్నో ఫెరారీలకు రూపం దిద్దిన పినిన్‌ఫరీనా సంస్థను కొంటున్నట్టు 2015 డిసెంబరులో ప్రకటించారు. మా చెలకల్లో తిరిగే బండ్ల మీది పేరుకూ బత్తిస్తాకూ చుట్టరికం అక్కడ కుదిరింది.

ఇక బలం సంగతి చూద్దాం. మన ట్రాక్టర్ ఇంజను నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గర హాయిగా పని చేసుకుంటుంది. హురకాన్‌లోని పది సిలిండర్ల 5.2 లీటర్ల ఇంజను తన 640 హార్స్‌పవర్ మొత్తం చూపించాలంటే 8,000 చుట్లకు చేరాలి. దాని పుల్లింగ్ అంతా అందేది 6,500 దగ్గర. అంటే డ్రైవర్ దాన్ని పైకి ఎక్కించాలి, గేరు మారినప్పుడల్లా ఆ ఎత్తు జారిపోకుండా చూసుకోవాలి. టర్బో లేని ఇంజను కాబట్టి కాలు ఎంత నొక్కితే గొంతు అంత లేస్తుంది. సున్నా నుంచి వందకు 2.9 సెకన్లు.

బత్తిస్తాకు ఈ ఎక్కడాలు లేవు. నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు, మొత్తం 1,900 హార్స్‌పవర్. మా దిక్కు బోర్లకు దింపే ఐదు హార్స్‌పవర్ మోటార్లు 380 కలిపితే అంత బలం! వంద అందుకోవడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. 2022 నవంబరులో ఇండోర్ దగ్గరి పీథంపూర్‌లో, నాట్రాక్స్ ట్రాక్ మీద, పావు మైలును 8.55 సెకన్లలో దాటింది.

అంత బలం ఒక్కసారిగా ఎట్లా వస్తుందో తెలుసుకోవాలంటే బోరు దగ్గరికే పోదాం. వెనకట బావుల మీద ఆయిల్ ఇంజన్లుండేవి. హ్యాండిల్ తిప్పి, ఇంజను అందుకునేదాకా చూసి, అప్పుడు నీళ్లు పారించేవాళ్లం. కరెంటు మోటారు వచ్చాక స్టార్టర్ డబ్బాలో పచ్చ బటన్ నొక్కడమే, మోటారు ఎకాఎకిన లేస్తుంది. అయితే అలా లేచేటప్పుడు అది మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. వోల్టేజీ తక్కువుంటే గుర్రుమని మూలిగి, వైండింగ్ కాలేదాకా తెచ్చుకుంటుంది. ఈ బాధ మీలో చాలామంది పడ్డదే. కారులో ఆ డబ్బా స్థానంలో ఇన్వర్టర్ ఉంటుంది. అది కరెంటును సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతూ, ఆ క్షణాన మోటారుకు ఎంత కావాలో అంతే పంపిస్తుంది. అందుకే చక్రం కదలకముందే పూర్తి పుల్లింగ్ సిద్ధంగా ఉంటుంది. బత్తిస్తా గొప్పంతా నాకు ఆ పెట్టెలోనే కనిపిస్తుంది.

పెట్రోల్ గెలిచే చోటు కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. కరెంటు బిల్లు లెక్కలోనే చెబుతాను. లీటరు పెట్రోల్‌లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. హురకాన్ ట్యాంకులో ఎనభై లీటర్లకు పైగానే పడుతుంది, అంటే ఏడు వందల యూనిట్ల పైమాట. బత్తిస్తా బ్యాటరీలో ఉండేది 120 యూనిట్లే. మన బోరు మోటారు ఒక పగలూ ఒక రాత్రీ నడిస్తే అయిపోయే కరెంటు. పెట్రోల్ ఇంజను తను తాగినదాంట్లో మూడింట రెండు వంతులు వేడికింద పోగొడుతుంది, మోటారు మాత్రం పదింట తొమ్మిది వంతులు చక్రానికి అందిస్తుంది. అయినా ఆ తేడా పూర్తిగా పూడదు. బత్తిస్తాను ఉన్న బలమంతా పెట్టి నడిపితే 120 యూనిట్లు ఐదు నిమిషాల పాటే. మామూలుగా నడిపితేనే నాలుగు వందల కిలోమీటర్ల పైన వస్తుంది. బరువు రెండు టన్నులు దాటింది, హురకాన్ టన్నున్నర చుట్టుపక్కలే. రోజంతా సర్క్యూట్ మీద తిరగాలనుకునేవాడు ఇవాళ్టికీ పెట్రోల్ కారే కొనుక్కుంటాడు, తప్పు పట్టలేం.

మా మేనల్లుడు ఇంకో మాట అంటాడు. ‘మామా, సప్పుడు లేని కారు గూడ కారేనా?’ అని. వాడికి ఆ పది సిలిండర్ల పాట కావాలి. ఆ పాట మంచిదే, నాకూ ఇష్టమే. లాంబోర్గినీ వాళ్లే 2024లో ఆ ఇంజనుకు సెలవిచ్చి, తర్వాతి కారులో ఎనిమిది సిలిండర్లకు మోటార్లు జోడించారు. ఇంకెప్పుడూ కొత్తగా పుట్టని ఇంజను అది. ఉన్నవాళ్లు దాన్ని జాగ్రత్తగా కాపాడుకోవాలని మనసారా కోరుకుంటాను.

కానీ అదే మేనల్లుడికి నేను 2023 ఫిబ్రవరి 11 గుర్తుచేస్తాను. ఆ రోజు హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద కరెంటు కార్ల ‘ఫార్ములా-ఈ’ రేసు జరిగింది, మన దేశంలో అదే మొదటిది. ఫ్రాన్స్ డ్రైవర్ ఝాన్ ఎరిక్ వెర్న్ ముందున్నాడు. వెనకాలే న్యూజిలాండ్ కుర్రాడు నిక్ కాసిడీ తరుముకొస్తున్నాడు. కాసిడీ బ్యాటరీలో చార్జింగ్ ఎక్కువ, వెర్న్‌కు తక్కువ. చివరి రౌండ్లలో వెర్న్ ప్రతి మలుపులో దారి మూస్తూ, ఉన్న కాస్త చార్జింగ్‌ను పొదుపు చేస్తూ, అర సెకను తేడా కూడా లేకుండా గెలిచాడు. ఆ కార్లు రేసులో వాడే కరెంటులో దాదాపు 40 శాతం బ్రేకు నుంచే పుడుతుంది. కాలు బ్రేకు మీద పడగానే మోటారు జనరేటర్ అవుతుంది, ఉరుకు మళ్లీ బ్యాటరీలో చేరుతుంది. హురకాన్ బ్రేకు వేస్తే ఆ ఉరుకంతా బ్రేకు డిస్కుల దగ్గర వేడై గాలిలో కలుస్తుంది, ఒక్క చుక్క పెట్రోల్ కూడా తిరిగి రాదు. నా ఓటు కరెంటు కారుకు పడింది ఈ ఒక్క కారణానికే. 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది. మా పిల్లలు గంట, గంటన్నరలో పోయి చూడగలిగే దూరంలో జరిగే పోటీ అది, చేజారినందుకు నాకు నిజంగా బాధగా ఉంది.

ఈ కార్లు మా రోడ్డెక్కుతాయా అంటే, గజ్వేల్ దాటి వచ్చేసరికి ఊరికో స్పీడ్ బ్రేకర్, కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు. భూమికి జానెడు ఎత్తు కూడా లేని బండి అక్కడ ఏం చేస్తుంది? రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం తూప్రాన్, గజ్వేల్, జగదేవ్‌పూర్, భువనగిరి మీదుగా వేస్తారు, అది పూర్తయినప్పటి సంగతి వేరు.

కానీ కారు రాకపోయినా దాని పనితనం వస్తుంది. 2023 ఫిబ్రవరిలో, రేసు జరిగిన ఆ వారంలోనే, జహీరాబాద్‌లో మూడు, నాలుగు చక్రాల కరెంటు బండ్ల కోసం వెయ్యి కోట్లు పెడతామని మహీంద్రా రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. అట్లాంటి కరెంటు ట్రాలీ ఆటోలో కూడా ఇన్వర్టర్ ఉంటుంది, బ్రేకు వేస్తే దాని బ్యాటరీకీ కాస్త కరెంటు తిరిగొస్తుంది. టమాటా పెట్టెలతో ఒంటిమామిడి మార్కెట్‌కు పోయే మా రైతుకు బత్తిస్తా ధరతో పని లేదు, ఆ తిరిగొచ్చే కరెంటుతో మాత్రం ఉంది.