ఇంటికి తీసుకెళ్ళమన్న తర్వాత

"ఇక ఇంటికి తీసుకెళ్ళండి" అని పెద్ద డాక్టరు అన్నాడంటే దాని అర్థం మనవాళ్ళలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. అయితే ఇంటికి తీసుకెళ్ళి ఏం చెయ్యాలో మాత్రం ఏ డిశ్చార్జి కాగితంలోనూ రాసి ఉండదు. గుండెకు ఏ ఆసుపత్రి మంచిది, మోకాళ్ళకు ఏది మంచిది అని అడిగితే మన సంఘంలో పదిమంది పది పేర్లు చెబుతారు. వైద్యం ఇక పనిచెయ్యదని తేలిపోయిన మనిషిని బాధ లేకుండా చూసుకునే చోటు ఏదని అడిగి చూడండి, మాట మార్చేస్తారు. అడగడమే అపశకునమన్నట్టు చూస్తారు. రెండేళ్ళ కిందట నాకు అడగక తప్పలేదు.

తిరుత్తణిలో ఉండే మా పెద్దక్క భర్తకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. మరమగ్గాల వ్యాపారం చేసిన మనిషి, లుంగీల మూటలు తానే ఎత్తి లారీలో వేసినవాడు, మంచం మీద పక్కకు తిరగడానికి కేకలు పెట్టే స్థితికి వచ్చాడు. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు ఎక్కడైనా మంచి చోట చేర్పిద్దామంటాడు, ఇల్లు దాటించేది లేదని అక్క అంటుంది. చివరికి పని నా మీద పడింది. "ఒరే, లోను అడిగినోళ్ళ ఇండ్లు, అంగళ్ళు చూసొస్తావు గదా, అట్లా ఈ చోట్లు గూడా చూసొచ్చి చెప్పు" అంది అక్క.

నేను బి.కాం. చదివిన బ్యాంకు వాణ్ణి. వైద్యం నాకు తెలియదు. కానీ రోగులు పడుకున్న గదులు మాత్రం చాలా చూశాను. సంతకం పెట్టలేని ఖాతాదారు డబ్బు తీసుకోవాలంటే వేలిముద్ర వెయ్యాలి, దానికి ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. అందుకని తిరువళ్ళూరులోనూ, ఆ తర్వాత తిరుత్తణిలోనూ పనిచేసిన ఏళ్ళలో స్టాంపు ప్యాడు సంచిలో వేసుకుని ఎన్నో ఇళ్ళకు వెళ్ళాను. మేడ ఇంట్లో వెనక గదిలో వీపంతా పుండ్లు పడి ఈగలు ముసిరిన పెద్దాయనను చూశాను. రేకుల ఇంట్లో తల దువ్వి, బొట్టు పెట్టి, ఉతికిన దుప్పటి కప్పిన ముసలమ్మనూ చూశాను. తేడా డబ్బు వల్ల రాలేదు. రోజుకు ఎన్నిసార్లు పక్కకు తిప్పి పడుకోబెట్టాలో ఆ రేకుల ఇంటివాళ్ళకు ఎవరో ఓపికగా నేర్పించారు, అంతే.

ఇలాంటి చోట్లను హాస్పీస్ అంటారు. తెలుగులో దీనికి నలుగురి నోట్లో నలిగిన మాట ఇంకా లేదు. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే ఆవిడ సెయింట్ క్రిస్టఫర్స్ అనే హాస్పీస్ తెరిచారు. ఈ కాలపు పద్ధతికి అది మొదలంటారు. మన దేశంలో మొదటిది 1986లో బొంబాయిలో వచ్చిన శాంతి ఆవేదన. కేరళవాళ్ళు వేరే దారి పట్టారు. 1993లో కాలికట్ మెడికల్ కాలేజీలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ చిన్న క్లినిక్‌గా మొదలుపెట్టిన పని, రోగి ఇంటికే నర్సు, ఇరుగుపొరుగు వాలంటీర్లు వెళ్ళే పద్ధతిగా ఆ రాష్ట్రమంతా పాకింది. మనకు అందుబాటులో ఉన్నవి చూస్తే చెన్నైకి ఉత్తరాన మాత్తూరులో జీవోదయ, బెంగుళూరులో కరుణాశ్రయ, హైదరాబాదులో 2011లో రోటరీవాళ్ళు మొదలుపెట్టిన స్పర్శ్ ఉన్నాయి. ఈ మూడూ రోగి దగ్గర డబ్బు తీసుకోవు. వేలూరు సి.ఎం.సి.లో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది.

డబ్బు తీసుకోరని చెప్పగానే మేనల్లుడి ముఖం మారింది. "ధర్మాసుపత్రా మామా?" అన్నాడు. నలుగురూ ఏమనుకుంటారో అన్నది వాడి బెంగ. నేను చూసినంతలో ఈ పనిలో రేటు ఎక్కువైతే సేవ ఎక్కువన్న లెక్క నిలవదు.

నేను చూసిన మూడింటి పేర్లు రాయడం లేదు. ఒక్కరోజు చూసినదాన్ని బట్టి ఒకరి మీద మచ్చ వెయ్యడం గానీ, మెచ్చుకోలు పత్రం ఇవ్వడం గానీ న్యాయం కాదు.

మొదటిది నగర శివారులో డబ్బు తీసుకునే చోటు. నేలంతా గ్రానైటు, గదికొక ఏ.సి., గోడకు వినాయకుడు. రేట్ల పట్టిక చేతికిచ్చారు. మంచానికి రోజుకింత, ఆయాకు వేరే, ఆక్సిజన్‌కు వేరే. రాత్రి డాక్టరు ఉంటారా అని అడిగాను. ఫోను చేస్తే వస్తారన్నారు. నొప్పి బాగా ఎక్కువైతే ఏమిస్తారని అడిగాను. ఆ మేనేజరు నవ్వి, "మార్ఫిన్ లాంటివి మేము ఉంచము సార్, అదంతా లైసెన్సు గొడవ. అంతగా ఉంటే అంబులెన్స్ పిలిచి ఆసుపత్రికి పంపేస్తాం" అన్నాడు. ఆసుపత్రి ఇంటికి పంపిన మనిషిని వీళ్ళు తిరిగి ఆసుపత్రికి పంపుతారట. అది మంచి వసతి గృహమే కావచ్చు, మా బావకు కావలసింది మాత్రం అది కాదు.

రెండవది ధర్మ సంస్థ నడిపే హాస్పీస్. పొడుగాటి హాలు, తెరలు కట్టిన మంచాలు. లోపలికి అడుగు పెట్టగానే నేను గమనించినది వాసన లేకపోవడం. ఒక నర్సు తడి దూదితో ఒక ముసలాయన పెదవులు తుడుస్తూ ఏదో మాట్లాడుతూ ఉంది. ఆయనకు స్పృహ ఉన్నట్టు లేదు, అయినా మాట్లాడుతోంది. నాకు బాగా నచ్చినది మార్ఫిన్ రిజిస్టరు. పేజీలకు నంబర్లు, ప్రతి మాత్రకూ పద్దు, రోజు చివర నిల్వ తేల్చి సంతకం. మా క్యాష్ బుక్ చూసినట్టే అనిపించింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత శుభ్రమైన రిజిస్టర్లు నేను ఎక్కువ చూడలేదు.

ఈ మార్ఫిన్ సంగతి కాస్త చెప్పాలి. నల్లమందు నుంచి తీసే మందు ఇది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో గసగసాల పంట వేస్తారు. నీమచ్‌లోనూ ఘాజీపూర్‌లోనూ నల్లమందు కర్మాగారాలున్నాయి. అయినా మన ఊళ్ళలో క్యాన్సర్ రోగికి ఆ మాత్ర దొరకడం కష్టం. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టంలోని కఠిన శిక్షలకు, రకరకాల లైసెన్సులకు జడిసి చాలా ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయి. 2014లో చట్టం సవరించారు. గుర్తింపు పొందిన వైద్య సంస్థ అయితే చాలు, విడివిడి లైసెన్సుల అవసరం తీసేశారు. అందుకని ఏ చోటుకు వెళ్ళినా ముందు అడగవలసినది, మీకు ఆ గుర్తింపు ఉందా, నోటితో వేసుకునే మార్ఫిన్ నిల్వ ఉందా అని. అక్కడ డాక్టరమ్మ నాకింకో కిటుకు చెప్పింది. మార్ఫిన్ రాసే డాక్టరు దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాశాడా లేదా చూడమంది. ఆ మందు మలబద్ధకం చేస్తుంది, ఈ పని తెలిసినవాడు దాన్ని మరచిపోడు. అలవాటు పడిపోతాడేమోనని మనవాళ్ళు భయపడి, నొప్పి భరించలేనప్పుడు మాత్రమే ఇస్తారట. గడియారం చూసి వేళకు ఇవ్వాలి. నొప్పి వచ్చాక తరిమే మందు కాదు, రాకుండా ఆపే మందు.

అంతా బాగున్న ఆ చోటు తిరుత్తణికి దూరం. రైలు, ఆపైన రెండు బస్సులు. అక్కకు మోకాళ్ళ నొప్పులు.

మూడవది ఇంటికి వచ్చే బృందం. ఒక ఆసుపత్రి వాళ్ళది. వారానికొకసారి నర్సు, అవసరమైతే డాక్టరు వస్తారు. రాత్రి ఫోను చేస్తే ఎత్తుతారు. ఎత్తుతారో లేదో నేనే ఒక రాత్రి పన్నెండు దాటాక చేసి చూశాను. ఎత్తారు. బ్యాంకులో తనిఖీకి చెప్పకుండా వెళ్ళే అలవాటు ఇలా పనికివచ్చింది.

బావకు అప్పటికే మార్ఫిన్ మొదలుపెట్టారు. నడుము నొప్పి తగ్గింది గానీ రాత్రిళ్ళు నిద్ర లేదు. ఆసుపత్రిలో ప్రతిసారీ మేనల్లుడే తండ్రి మాటను డాక్టరుకు చెప్పేవాడు. తమిళంలో అయితే "వలి" అని, ఇంగ్లీషులో అయితే "పెయిన్" అని. కాగితంలోనూ అదే రాసేవారు. ఈ బృందంతో వచ్చిన నర్సు నగరి వైపు అమ్మాయి. మంచం పక్కన కూర్చుని, "యాడ పెద్దాయనా? సలుపా, పోటా, మంటా?" అని అడిగింది. బావ కళ్ళు తెరిచి చూశాడు. "నడుములో సలుపు తగ్గిందమ్మా. ఈ కాలే, తిమ్మిరెక్కి నిప్పులు పోసినట్టు మండతా ఉంది" అన్నాడు. అది ఎముక నొప్పి కాదు, నరం నొక్కుకుపోయి వచ్చే నొప్పి, దానికి మందు వేరు. డాక్టరు ఇంకో మాత్ర కలిపాడు. నాలుగైదు రోజుల్లో బావ రాత్రి మూడు నాలుగు గంటలు నిద్రపోయాడు.

బావకు తమిళం రాక కాదు. ఆయన పుట్టినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అప్పటినుంచీ వ్యాపారం, లెక్కలు, తగాదాలు అన్నీ తమిళంలోనే చేశాడు. తమిళంలోనూ నొప్పికి పది మాటలు ఉంటాయి, ఆ భాషను తక్కువ చెయ్యడం లేదు. కానీ జబ్బు చివరికి వచ్చేసరికి ఆయన నోట తెలుగు తప్ప రాలేదు. మా మేనల్లుడికి సలుపుకూ పోటుకూ తేడా తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, సినిమాలు చూస్తాడు, ఈ మాటలు మాత్రం వాడి దాకా చేరలేదు. రేట్ల పట్టికలో గానీ, నేను రాసుకెళ్ళిన ప్రశ్నల్లో గానీ లేని సంగతి ఇది. అన్నిటికంటే ఎక్కువ పనిచేసినది ఇదే.

మేము ఇల్లే నిర్ణయించుకున్నాం. చెయ్యి దాటితే హాస్పీస్‌లో చేర్చుకుంటామని వాళ్ళు మాట ఇచ్చారు. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన "మక్కళై తేడి మరుత్తువం" పథకం కింద మంచం పట్టినవాళ్ళకు ఇంటి దగ్గరే సేవ ఉంది. దాని నర్సు వచ్చి మూత్రం గొట్టం చూసిపోయేది. గాలి పరుపు అద్దెకు తెచ్చాం. అక్కకు, కోడలికి పక్కకు తిప్పడం, నోరు కడగడం నేర్పారు. నేర్చుకున్నాక అక్క గొంతులో వణుకు తగ్గింది.

అక్క ప్రతి అమావాస్యకూ తిరువళ్ళూరు వెళ్ళి హృత్తాపనాశిని కోనేట్లో బెల్లం కలిపి వచ్చేది. అక్కడి వీరరాఘవస్వామిని వైద్య వీరరాఘవుడంటారు గదా, బెల్లం కరిగినట్టు జబ్బు కరుగుతుందని నమ్మకం. ఇక తగ్గదని డాక్టర్లు చెప్పాక కూడా వెళ్ళింది. మేనల్లుడు విసుక్కున్నాడు. నగరి అమ్మాయి మాత్రం, "ఏమని మొక్కుకున్నావు పెద్దమ్మా?" అని అడిగింది. "నొప్పి లేకుండా పోవాలని" అంది అక్క. తగ్గాలని మొక్కుకోవడం ఆమె ఎప్పుడు మానుకుందో మాకెవరికీ తెలియదు.

వెంటిలేటరు వద్దని బావ ముందే చెప్పాడు. అలాంటి కోరికను ముందుగానే కాగితం మీద పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది. 2023లో పద్ధతిని సులువు చేసి, నోటరీ ముందు గానీ గెజిటెడ్ అధికారి ముందు గానీ సంతకం చేస్తే చాలంది. ఖాతాకు నామినేషన్ రాయమంటేనే మొహం చిట్లించేవాళ్ళను రోజూ చూస్తాను గనుక ఇది ఎంతమంది రాస్తారో నాకు అనుమానమే. బావ రాశాడు.

ఏడు వారాలు బతికాడు. మధ్యలో అయిదు రోజులు హాస్పీస్‌లో ఉన్నాడు. ఆయనకు బాగాలేక కాదు, అక్క నిద్ర లేక పడిపోయేలా ఉందని వాళ్ళే తీసుకెళ్ళారు. చూసుకునేవాళ్ళకు విశ్రాంతి ఇవ్వడం కూడా అక్కడ ఒక సేవ అని అప్పుడే తెలిసింది. తిరిగి వచ్చాక పదో రోజు తెల్లవారుజామున, అక్క పక్కనే ఉండగా, ఇంట్లోనే పోయాడు.

మిగిలిన మార్ఫిన్ మాత్రలను ఆ అమ్మాయి వచ్చి లెక్కపెట్టి తీసుకుని, అక్క చేత సంతకం చేయించుకుని వెళ్ళింది. పని అయిపోయిందనుకున్నాం. నెల మాసికం అయిన మరుసటి వారం మళ్ళీ వచ్చింది. ఇంకెవరికి బాగాలేదని అక్క కంగారుపడింది. "నిన్ను చూసేదానికే వచ్చినాను పెద్దమ్మా" అని బి.పి. చూసి, కాఫీ తాగి, అరగంట కూర్చుని, పొదటూరుపేటలో ఇంకో ఇల్లు చూడాలని బస్సుకు వెళ్ళింది.