నెలలు నిండని బిడ్డ – మేలుచేయు క్రిములు



"ఏడవనెల బిడ్డ దక్కును, ఎనిమిదవనెల బిడ్డ దక్కదు" అని మన పెద్దలు చెప్పుట మీరు వినియే యుందురు. ఈ మాటకు ఆధారము లేదు. గర్భమున నొక్కొక్క వారము గడచినకొలదియు శిశువునకు బలమే గాని నష్టము లేదు. 37 వారములు నిండకమునుపు పుట్టిన శిశువును నెలలు నిండని బిడ్డ యందురు. అట్టి బిడ్డ పుట్టినప్పుడు ఊపిరి యాడుచున్నదా, పాలు త్రాగునా యని యందరును విచారింతురు. కాలేయమును గూర్చి తలచువారు మాత్రము అరుదు.

గత సంవత్సరము మా చెల్లెలి కుమార్తెకు 31వ వారముననే కాన్పయ్యెను. బిడ్డ తూనిక 1400 గ్రాములు. మూడవనాటికి మేనెల్ల పసుపు పూసినట్లయ్యెను. వైద్యులు నీలికాంతి దీపముల క్రింద పరుండబెట్టిరి. బంధువులు తలకొక సలహా చెప్పిరి. ఒక వృద్ధురాలు నాలుకకు పసరు రాయుమనెను. మరియొకరు చురకలు పెట్టించుమనిరి. చదువుకొన్న బంధువొకడు మందుల దుకాణమునుండి ప్రోబయోటిక్ పొడి పొట్లములు తెచ్చి, "ఇది మందు కాదు, పెరుగువంటిదే, కాలేయమునకు చాల మంచిది" అని బాలెంత చేతిలో పెట్టెను. ఆ పిల్ల నా మొగము చూచి, "దొడ్డమ్మా, వేయవచ్చునా?" అని యడిగెను. పొట్లము తీసికొని డాక్టరమ్మగారి యొద్దకు పోయితిని. ఆమె యోపికతో చెప్పిన సంగతులును, పిమ్మట నేను చదివి తెలిసికొన్నవియు మీకు విన్నవించుచున్నాను.

ఎఱ్ఱ రక్తకణములు చితికినపుడు బిలిరూబిన్ అను పచ్చని పదార్థము పుట్టును. దానిని మార్చి పైత్యరసముతో ప్రేగులలోనికి పంపుట కాలేయము పని. నెలలు నిండని బిడ్డకు ఈ శక్తి మిక్కిలి కొంచెము. ప్రేగులలో చేరినది మలముతో వెడలక నిలిచెనా, కొంత మరల రక్తములోనికి పీల్చబడి కాలేయమునకే తిరిగివచ్చును. ప్రేగుల రక్తము నేరుగా కాలేయమునకే పోవును గనుక అచ్చటి మంచిచెడ్డలు మొదట తగులునది దానికే. నోట పాలు లేక, నరముద్వారా చాల దినములు పోషకద్రవము లెక్కించినచో పైత్యము నిలిచి కాలేయము చెడుటయు కలదు. అందుచేతనే చుక్కలుగానైనను తల్లిపాలు త్వరగా మొదలుపెట్టుదురు.

ఇక క్రిముల మాట. క్రిములన్నియు హానిచేయునవి కావు. 1899లో పారిసు నగరమున హెన్రీ టిస్సియే అను పండితుడు తల్లిపాలు త్రాగు శిశువుల మలమున బిఫిడో జాతి క్రిములను కనుగొనెను. తల్లిపాలలోని కొన్ని చక్కెరలు బిడ్డకు జీర్ణము కావు. అవి యీ క్రిములకే యాహారము! నెలలు నిండని బిడ్డ తల్లికి దూరముగా, యంత్రముల నడుమ, క్రిమిసంహారక మందులతో పెరుగుటచే మేలుచేయు క్రిములు ఆలస్యముగా చేరును. అందుచే వానిని బయటినుండి యిచ్చుట మేలని వైద్యులు తలచిరి. ప్రేగులు కుళ్ళు ఘోరవ్యాధిని ఇవి తగ్గించునని పెక్కు పరిశోధనలు సూచించినవి.

మన ఒడిశా పల్లెలలో 4,500కు పైగా శిశువులపై జరిగిన పరిశోధన 2017లో వెలువడెను. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అను క్రిమిని ఒక పోషక చక్కెరతో కలిపి యిచ్చిన బిడ్డలలో రక్తమునకు విషము సోకుటయు, మరణమును కలిపి చూడగా 40 శాతము తగ్గినవి. అయితే ఆ బిడ్డలు 35 వారములు నిండి, రెండు కిలోలైన తూగినవారు. మా పసికందు వంటివారు అందులో లేరు. 2023లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ ఒక హెచ్చరిక చేసెను. కిలోకన్న తక్కువ తూనికగల యొక శిశువునకు ఇచ్చిన క్రిమియే రక్తమున చేరి ప్రాణము తీసినదట! ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో, 32 వారములకు ముందు పుట్టి తల్లిపాలు త్రాగు శిశువులకు వీనిని ఇచ్చు విషయము ఆలోచింపవచ్చునని మాత్రమే చెప్పినది. కామెర్లు తగ్గించుటకును, కాలేయరక్షణకును ఇవి తప్పక పనిచేయునని చెప్పుటకు తగిన రుజువు లేదు.

కాబట్టి డాక్టరమ్మగారు, "ఏ క్రిమి, ఎంత, ఏ బిడ్డకు అనునది వైద్యులు నిర్ణయింపవలసినది. ఇంటివారు పొట్లము చించి వేయరాదు" అనిరి. పసరును, చురకలును అసలే కూడదనిరి. బాలెంత పాలు పిండి గొట్టముద్వారా పట్టించి, దినమున పలుగంటలు బిడ్డను రొమ్మున హత్తుకొని యుండెను. తల్లి చర్మమునుండియు మేలుచేయు క్రిములు బిడ్డకు చేరునట. కొన్ని దినములకు పసుపు విడిచెను. రెండవ నెలలో బిడ్డ యిల్లు చేరెను.

ఈ నీలికాంతి చికిత్సకు మూలము ఒక స్త్రీ చూపు. 1956లో ఇంగ్లండునందలి రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో వార్డ్ అను నర్సు నెలలు నిండని శిశువులను ఎండకు తీసికొనిపోయెడిది. ఎండ తగిలినచోట పసుపు తగ్గి, గుడ్డ కప్పినచోట నిలుచుట ఆమె కనిపెట్టెను. దానినిబట్టియే వైద్యులు దీపకాంతి చికిత్స నేర్పరచి 1958లో ప్రకటించిరి.

అట్టి చూపు మనకును కావలయును. దినదినము బిడ్డ గుడ్డలు మార్చువారము మనమే కదా! మలము పసుపుపచ్చగా నున్న మంచిది. సున్నమువలె తెల్లబారినను, మూత్రము చిక్కని పసుపై గుడ్డకు మరక పట్టినను, నెలలు నిండని బిడ్డకు మూడు వారములు గడచియు పసుపు విడువకున్నను, ఉపేక్షింపక వైద్యునికి చూపి రక్తపరీక్ష చేయింపుడు. పైత్యనాళము మూసికొనిపోవు జబ్బు కావచ్చును. దానికి జపాను వైద్యుడు కసాయి కనిపెట్టిన శస్త్రచికిత్స కలదు. పుట్టిన 60 దినములలోపల చేసిన ఫలితము మెండు. "పోనిండు, ఎండలో పెట్టిన తగ్గును" అని కాలము గడుపుట అట్టి బిడ్డకు ప్రాణాపాయము. పొరుగింట నెలలు నిండని బిడ్డ యున్నచో ఈ సంగతి ఆ తల్లికి నేడే చెప్పుడు.